ఇనుప టోపీలో కాగిన రంగు

రక్తకుంభ దుర్గం తలుపులు పొద్దు పొడిచాక తెరుచుకుంటాయి. పొద్దు నడినెత్తికి రాగానే కోట నడుమ ఉన్న ఎర్రబానలోకి చిలకమ్మను తోసేస్తారు. ఈలోగా మైలారుడు లోపలికి పోవాలి, పెళ్ళాన్ని ప్రాణాలతో బయటికి తేవాలి. అందుకు అతని దగ్గర ఉన్నవల్లా ఇందాక చచ్చిన కోట భటుడి నడికట్టు, ఒక తోలు సంచి, ఒక రాకుమారుడు. ఆ మూడింటిలో అక్కరకొచ్చేది నడికట్టు ఒక్కటేనని అతని నమ్మకం.

మాణిక్యపురి రాకుమారుడు ఉదయవర్ధనుడు ఆ మాట అతని ముఖంలోనే చదివేశాడు.

"అలా చూడకు మైలారూ. ఒర తెగితేనే కదా ఆ భటుడు చచ్చింది! లేకపోతే ఇప్పుడు మనిద్దరి తలలూ ఈ పొదలో దొర్లుతుండేవి."

"తెగ్గొట్టండి దొరా, ఎవరొద్దన్నారు? కాస్త కొన దగ్గర తెగ్గొడితే నేను అతుకేసుకునేవాణ్ణి. నిలువునా చీల్చి లోయలోకి విసిరేస్తే ఏం చేసేది?"

"యుద్ధంలో కొన ఎక్కడో మొదలు ఎక్కడో ఎవడు చూస్తాడయ్యా!"

తగువు చిన్నదే కానీ దాని వెనక ఉన్న సంగతి చిన్నది కాదు. ఆ కోటనేలే మాంత్రికుడు ధూమ్రజటి తన భటులందరికీ ఎర్రబానలో ముంచి తీసిన నడికట్టునూ, దానికి జోడైన కత్తి ఒరనూ ఇస్తాడు. ఆ జోడు ఒంటి మీద ఉన్నంతసేపూ కత్తి దిగదు, బాణం గుచ్చుకోదు. మాణిక్యపురి సైన్యం ఎన్నిసార్లు దండెత్తినా చితికి చిందరవందరై తిరిగొచ్చింది అందుకే. అయితే బానలో రంగు వెలిసినప్పుడల్లా దానికి ఒక ప్రాణం కావాలి. అదీ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రంగుల్లో చేతులు ముంచిన మనిషి ప్రాణం కావాలి. మాణిక్యపురిలో తోలుకు రంగు వేయడంలో చిలకమ్మను మించినవాళ్ళు లేరు. పెరట్లో తోళ్ళు ఆరవేసుకుంటున్న మనిషిని పొగై వచ్చి ఎత్తుకుపోయాడు ఆ దుర్మార్గుడు.

ఒరలు కుట్టేది మైలారుడు, రంగు వేసేది చిలకమ్మ. అదీ వాళ్ళ కాపురం. రంగుల గురించి అతనికి తెలిసిందల్లా ఆమె తిట్లలో చెవిన పడ్డంతే. ఎప్పుడూ ఆ తిట్లు సరిగ్గా విన్న పాపాన పోలేదు. ఇప్పుడు ఒక్కో తిట్టూ గుర్తు తెచ్చుకోవాలని తల బాదుకుంటున్నాడు.

తూరుపు కొండ మీద పొద్దు పొడిచింది. ఎర్రరాతి బురుజులు మబ్బుల్ని ఒరుసుకుంటూ, బురుజు బురుజుకీ పుష్యరాగాలు తాపిన కలశాలు ధగధగా మెరుస్తూ, అగడ్తలో మొసళ్ళు తోకలు చరుస్తూ, తోరణస్తంభాల మీద రాతి యాళులు నోళ్ళు తెరుచుకుని నిలుచుని ఉండగా రక్తకుంభ దుర్గం కంటికి ఇంపుగానూ గుండెకు దడగానూ కనిపించింది. సింహద్వారం పైన పసిడి దూలం మీద వర్ణభక్షి కూర్చుని ఉంది. గున్న ఏనుగంత పక్షి. దానికి నాలుగు కళ్ళు. లోపలికి పోయేవాడి మొహం అది చూడదు. నడికట్టు చూస్తుంది, ఒర చూస్తుంది. రెండూ ఒకే రంగైతే రెప్ప వాలుస్తుంది.

కాకపోతే ఏం చేస్తుందో పొదచాటు నుంచి ఇద్దరూ కళ్ళారా చూశారు. పాపం, ఒక భటుడు తెగిన నడికట్టుకు ఎక్కడిదో తోలు పట్టీ అతికించుకుని వచ్చాడు. మైలారుడి కంటికి ఆ అతుకు ఆనలేదు. రాకుమారుడికీ ఆనలేదు. పక్షి మాత్రం మెడ వంచింది. రెక్కల చప్పుడు వినిపించేలోపే వాణ్ణి గోళ్ళలో బిగించి పైకి లేపింది. వాడి కేక సగంలో ఆగిపోయింది. అగడ్తలోకి ఏదో దబ్బుమని పడింది, మొసళ్ళు దాని చుట్టూ మూగాయి.

మైలారుడు పొదలోకి ఇంకా ఒదిగాడు.

"చూశారా దొరా? మనవాళ్ళ దగ్గర జోడంటే ఒకే తోలు, ఒకే కుండ, ఒకే మునక. విడివిడిగా వేసిన రంగు కలవదు. చచ్చినా కలవదు."

"కలపాలి," అన్నాడు రాకుమారుడు. "నువ్వు భటుడివి, నేను నీ బందీని. ఇంకో దారి ఉంటే చెప్పు, ఆ దారినే పోదాం."

ఇంకో దారి లేదు. మైలారుడు సంచి బోర్లించాడు. తంగేడు బెరడులో ఊరిన, సంచికి మూతగా ఉన్న మేకతోలును పరపరా కోశాడు. ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టు వేస్తుంటే అతని చేతులు చేతుల్లా లేవు, మగ్గం మీద నాడె తిరిగినట్టు తిరిగాయి. ఆ పని అతనిది. అందులో అతనికి తిరుగులేదు. రాకుమారుడు మోదుగ కొమ్మల మీది లక్క గీకి తెచ్చాడు, మంజిష్ఠ తీగల వేళ్ళు పీకి తెచ్చాడు. మహారాజు కొడుకు మోకాళ్ళ మీద పాకుతూ వేళ్ళు తవ్వుతుంటే మామూలు రోజైతే మైలారుడు పడీపడీ నవ్వేవాడు.

ఒర సిద్ధమైంది. కాచడానికి పాత్ర లేదు. చచ్చిన భటుడి ఇనుప టోపీ కాళ్ళ దగ్గరే పడి ఉంది. మైలారుడు దాన్ని తిరగేసి రాళ్ళ మీద పెట్టాడు, నీళ్ళు పోశాడు, లక్క, వేళ్ళు, సంచిలోని తంగేడు బెరడు దోసెడు వేసి మంట పెట్టాడు. పొగ పైకి లేవకుండా రాకుమారుడు ఉత్తరీయంతో విసురుతూ కూర్చున్నాడు. రంగు మరిగింది. దించి, గోరువెచ్చగా చల్లార్చి, ఒరను అందులో ముంచాడు మైలారుడు.

తీసి చూశాడు.

ఒర ఎర్రగా లేదు. బొగ్గులా నల్లగా ఉంది. ఆకుతో తుడిచాడు, నల్లగానే ఉంది. నీళ్ళతో కడిగాడు, ఇంకా నల్లబడింది.

"ఇదేమిటి మైలారూ?"

మైలారుడు ఒరను రెండు చేతులా ఎత్తి చూశాడు. చిలకమ్మ గొంతు చెవిలో మోగుతోంది. 'రంగు కుండ దగ్గరికి ఇనుము తెచ్చావంటే చేతులిరగ్గొడతా మామా! మట్టికుండ, లేకపోతే రాగి. ఇనుము తాకితే రంగు సచ్చిపోద్ది.' ఒకసారి అతను పొయ్యి దగ్గర కత్తి పెట్టినందుకు ఆమె ఆ రోజంతా అన్నం పెట్టకుండా మాడ్చింది కూడా. తోలు పని పుట్టుకతో వచ్చిన కులంలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన ముక్క అది. అతను మరిచిపోయాడు.

ఒరను నేలకేసి కొట్టి మైలారుడు బావురుమన్నాడు. "చంపేశాను దొరా! నా చేతుల్తో నేనే దాన్ని చంపుకున్నాను! ఇంకో తోలు లేదు. ఉన్నా ఇంకో కాగుకు పొద్దు ఆగదు. అది అక్కడ నాకోసం చూస్తా ఉంటది..."

ఉదయవర్ధనుడికి ఓదార్చడం చేతకాదు. రాజులకు ఆ విద్య ఎవరు నేర్పుతారు! అతను కోట వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే సింహద్వారం లోంచి ఒక కొండంత మనిషి బయటికొచ్చాడు. అతని నడికట్టు నలుపు, ఒర నలుపు. వాణ్ణి చూడగానే కాపలా భటులు పక్కకు తప్పుకుని తలలు దించుకున్నారు. వర్ణభక్షి రెప్ప వాల్చింది.

"మైలారూ, లే! అటు చూడు!"

మైలారుడు కళ్ళు తుడుచుకుని చూశాడు.

"నల్ల జోడు కూడా చెల్లుతుందిక్కడ. ఒర ఎలాగూ నల్లబడింది. ఆ నడికట్టును కూడా ఈ నీళ్ళలోనే ముంచు!"

"వాడెవడో, నలుపు దేనికో తెలీకుండానా?"

"ఎవడైతే మనకేం? పక్షి వదిలింది, అది చాలదూ?"

చాలుతుందో లేదో ఆలోచించే తీరిక లేదు. మైలారుడు ఒరనూ నడికట్టునూ కలిపి ఇనుప టోపీలోకి తోశాడు. తోశాడో లేదో, నడికట్టు పాములా ఎగిరి అతని మణికట్టుకు చుట్టుకుంది! ఎర్రబాన రంగు అంత తేలిగ్గా చస్తుందా? బిగిసింది, ఇంకా బిగిసింది, వేళ్ళు నీలంగా మారాయి. కట్టు కొనన ఉన్న ఇత్తడి కొక్కెం కోరలా లేచి అతని గొంతు మీదికి వచ్చింది.

"దొరా!"

ఉదయవర్ధనుడు రెండు చేతులా కొక్కెం పట్టుకుని వంచాడు. అరచేయి చీరుకుపోయి నెత్తురు కారింది. అయినా వదల్లేదు. మైలారుడు చుట్టుకున్న చేతిని చుట్టుకున్నట్టే మోచేతి దాకా టోపీలో ముంచి, మోకాలితో అదిమి పట్టాడు. నీళ్ళు కుతకుతలాడాయి. లోపల నుంచి సన్నగా, పసిపిల్ల ఏడ్చినట్టు ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు ఎవరి ప్రాణానిదో తలుచుకోగానే మైలారుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. కాసేపటికి పట్టు సడలింది. నల్లటి నడికట్టు, నల్లటి ఒర, ఒకే నీళ్ళు తాగిన జోడు, బయటికి వచ్చాయి.

ఆరబెట్టడానికి పొద్దు లేదు. తడి తడిగానే నడుముకు బిగించి, కడిగిన ఇనుప టోపీ కళ్ళ మీదికి లాక్కుని, రాకుమారుడి చేతులకు ఊడి వచ్చే ముడి వేసి, మైలారుడు రాజబాట మీదికి వచ్చాడు.

ద్వారం ముందు భటులు బారు కట్టి ఉన్నారు. ఎండ చురుక్కుమంటోంది. ముందు నలుగురు ఉండగా మైలారుడు ఎందుకో కిందికి చూసుకున్నాడు. ఒర పలచటి మేకతోలు, నడికట్టు మందపాటి దున్నతోలు. ఒర ఎండకు ఆరిపోతూ బూడిదరంగుకు తిరుగుతోంది. నడికట్టు ఇంకా తడిగా, కాటుకలా నిగనిగలాడుతోంది. దూలం మీద వర్ణభక్షి ఒక కన్ను తెరిచింది. రెండో కన్ను తెరిచింది.

"దొరా, ఒర ఆరిపోతోంది," పెదవులు కదపకుండా గొణిగాడు మైలారుడు. "అయిపోయాం."

ఉదయవర్ధనుడు వెంటనే కాళ్ళు ఈడుస్తూ మూలిగాడు. "దాహం! చచ్చిపోతున్నాను, దాహం!"

ద్వారం దగ్గరి భటుడొకడు విసుక్కుంటూ తోలుతిత్తి అతని నోటికి అందించాడు. "తాగి ఏడువు."

రాకుమారుడు బుగ్గలు ఉబ్బేలా నీళ్ళు పట్టి, మైలారుడి వైపు తిరిగి, అతని నడుము మీద తుపుక్కున ఊశాడు. ఒర నిండా నీళ్ళు.

"థూ! నీ బతుకూ ఒక బతుకేనా, నల్లకుక్కా!"

భటులు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఇప్పుడు ఏం చెయ్యాలో మైలారుడికి తెలుసు. చెయ్యాలంటే చెయ్యి రాలేదు. మహారాజు బిడ్డ! రాకుమారుడు కళ్ళతోనే 'కొట్టు' అన్నాడు. మైలారుడు కళ్ళు మూసుకుని చెంప ఛెళ్ళుమనిపించాడు. రాకుమారుడు మట్టిలో బోర్లా పడ్డాడు. తడిసిన ఒర నల్లగా మెరిసింది. వర్ణభక్షి మెడ ఇటు వంచింది, అటు వంచింది. చివరికి నాలుగు రెప్పలూ వాల్చింది.

తిత్తి పట్టుకున్న భటుడు మాత్రం మైలారుడి ముందు గజగజ వణికిపోతున్నాడు. "మన్నించాలి తలారయ్యా! వాడు అంత పని చేస్తాడనుకోలేదు."

తలారి! మైలారుడి చెవుల్లో ఆ మాట కరిగించిన సీసంలా పడింది. నల్ల జోడు కట్టేది ప్రాణాలు తీసేవాళ్ళన్నమాట.

వెనక్కి తిరిగే వీలు లేదు. లోపల అడుగు పెట్టీ పెట్టగానే బుర్రమీసాల దళవాయి ఒకడు ఆయాసపడుతూ ఎదురొచ్చాడు.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపు? పెద్ద తలారి బయటికి పోయాడు. దేవర అక్కడ చిందులు తొక్కుతున్నారు. పొద్దు నెత్తి మీదికొస్తోంది, దాన్ని తొయ్యడానికి చెయ్యి లేదు. నడు, నడు!"

"దేన్ని?" అన్నాడు మైలారుడు, తెలిసి తెలిసీ.

"ఆ రంగులదాన్నిరా!"

దళవాయి అతని భుజం పట్టుకుని ఈడ్చుకుపోయాడు. రాకుమారుడు వెనక తూలుతూ నడిచాడు. వెయ్యి స్తంభాల మండపాలు, పగడపు మెట్లు, పచ్చల పావురాళ్ళు కువకువలాడే గవాక్షాలు, అన్నీ మైలారుడి పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఒక్కటీ అతని కంట పడలేదు.

నడిమి ముంగిట్లో చెరువంత బాన. అంచుల దాకా ఎర్రటి రంగు బుసబుసా పొంగుతూ ఆవిర్లు చిమ్ముతోంది. అవతల పుర్రెల గద్దె మీద ధూమ్రజటి, జడలు పొగలై తేలుతుండగా కూర్చుని ఉన్నాడు. బాన మీదికి చాచిన పలక మీద, చేతులు వెనక్కి విరిచి కట్టి నిలబెట్టిన మనిషి చిలకమ్మ. జుట్టు రేగిపోయి ఉంది. ముఖం పాలిపోయి ఉంది. కళ్ళలో మాత్రం ఎప్పటి పొగరే ఉంది.

మైలారుడు పలక ఎక్కాడు. ఆమె అతని వైపు అసహ్యంగా చూసింది. ఇనుప టోపీ కింద మొగుడున్నాడని ఆమెకేం తెలుసు!

"రా రా, పెద్ద మొనగాడివి! కట్టేసిన ఆడదాన్ని తొయ్యడానికి వచ్చావా? నీ చేతులు పడిపోను! నీ ఇంట దీపం పెట్టే దిక్కు లేకపోను!"

ఆ ఇంట దీపం పెట్టేది ఆమేనని ఎలా చెప్పడం? ధూమ్రజటి చెవులు పాము చెవులని లోకమంతా అంటుంది. మైలారుడి కళ్ళు నీళ్ళతో మసకబారాయి. ఆ మసకలోంచే అతను బాన గట్టు వైపు చూశాడు. అక్కడ పనివాడొకడు, ఒట్టి చేతుల్తో బానలోంచి నడికట్లు తీసి దండెం మీద వేస్తున్నాడు. అవి మెత్తగా, తమలపాకుల్లా వేలాడుతున్నాయి.

తోలు పనివాడి బుర్ర అప్పుడు పనిచేసింది. మరిగే నీళ్ళలో పడ్డ తోలు ముడుచుకుని కట్టెపుల్లై పోతుంది. ఇవి మెత్తగా ఉన్నాయంటే ఆ పొంగు అబద్ధం, ఆ ఆవిరి అబద్ధం. బానలో ఉన్నవి చన్నీళ్ళు! ఇందులో పడితే కాలి చావరు. మరి పడ్డవాళ్ళు ఒక్కరూ ఎందుకు పైకి తేలలేదు?

"తలారీ!" ధూమ్రజటి గొంతు ముంగిలి అంతా మోగింది. "నా తలారుల జోళ్ళకు నలుపు వేసేది నేను. నీ జోడు ఎప్పుడు వేశానో నాకు గుర్తుకు రావడంలేదే! టోపీ తియ్యి."

కింద రాకుమారుడు చేతుల ముడి మెల్లగా విప్పుకుంటున్నాడు. చుట్టూ ఎర్ర నడికట్ల గుంపు. ద్వారం మీది నుంచి రెక్కల చప్పుడు దగ్గరవుతోంది. నడినెత్తి సూర్యుడు బానలో పడి మెరిశాడు.

మైలారుడు టోపీ తియ్యలేదు. చిలకమ్మ నడుము చుట్టూ చెయ్యి వేశాడు. ఆమె ఉరుము ఉరిమినట్టు ఒక్క అరుపు అరిచి అతని భుజం కండ పట్టి కొరికింది. నెత్తురు చిమ్మినా అతను పట్టు వదల్లేదు.

"చిలకా," అన్నాడు ఆమె చెవిలో. "కొరికింది చాల్లే. ఊపిరి బిగబట్టవే."

ఆమె పళ్ళు సడలిపోయాయి. "మామా?"

వర్ణభక్షి నీడ పలక మీద పడింది. మైలారుడు ఆమెను గుండెకు అదుముకుని ఎర్రబానలోకి దూకేశాడు.

నెత్తి మీద ఎరుపు మూసుకుపోయింది. నీళ్ళు మంచుగడ్డలా చల్లగా ఉన్నాయి. పైన కేకలు, కత్తుల చప్పుడు, రాకుమారుడి గొంతు, అన్నీ ఎక్కడో దూరంగా పోయాయి. కాలు ఊనుదామని మైలారుడు అడుగు కోసం వెతికాడు. అడుగు లేదు. కిందికి, ఇంకా కిందికి జారిపోతున్నారు. కుడిచేతిలో చిలకమ్మ గింజుకుంటోంది. ఎడమచేత్తో ఆమె కట్లు తెంపాలని తడుముతుండగా అతని చీలమండను ఎవరో పట్టుకున్నారు.

చిలకమ్మ చేతులింకా వెనక్కి కట్టే ఉన్నాయి.

ఇంకో చెయ్యి మోకాలిని పట్టుకుంది. మరొకటి నడికట్టును. మొరటు చేతులు, సున్నపు నీళ్ళకు పగుళ్ళు వచ్చిన చేతులు. ఆ పగుళ్ళు అతనికి తెలుసు. ఇంట్లో రోజూ అన్నం పెట్టే చేతికి ఉన్న పగుళ్ళే అవి. ఇదివరకు బాన మింగిన రంగులవాళ్ళవి, ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. అన్నీ కలిసి ఆ ఇద్దర్నీ చీకట్లోకి లాక్కుపోసాగాయి.